మాత్ర గురించి అంతా తెలిసినా వేసుకోలేని మనిషికి ఏం నేర్పాలి?

ప్రశ్న – రాత్రిబడి టీచరు

పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పే రాత్రిబడిలో పాఠాలు చెబుతాను. పగలంతా పనిచేసి అలసి వచ్చేవాళ్లకు కథలకంటే ముందు తమ చేతిలో ఉన్న కాగితం చదవగలగడం కావాలి. అందుకని పాఠాల్లో మందుల చీటీలు, మాత్రల అట్టలు, రక్తపరీక్ష కాగితాలు చేర్చాను. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన మనిషి అట్ట వెనక గడువు తేదీని తానే వెతికి చదివినప్పుడు ఆ గొంతులో వచ్చే ధైర్యం నాకు చాలా ఇష్టం. ఆరోగ్యం గురించి తెలుసుకోవడం మనుషులకు మేలు చేస్తుందని గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఇది అడుగుతున్నాను.

మా తరగతిలో ఒకావిడ ఉంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. బట్టలు కుట్టే కర్మాగారంలో మిషను మీద పని. ఆవిడకు బీపీ. డాక్టరు రెండు రకాల మాత్రలు రాశారు. అందులో ఒకటి ఒంట్లోని అదనపు ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటికి పంపే మాత్ర. ఆవిడకు ఆ రెండింటి పేర్లూ తెలుసు. పై అంకె ఏమిటో, కింది అంకె ఏమిటో తెలుసు. తలనొప్పి లేనంత మాత్రాన బీపీ తగ్గినట్టు కాదని తరగతిలో మిగతావాళ్లకు చెప్పేది కూడా ఆవిడే. అయినా చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ బీపీ ఎక్కువే ఉంటోంది. ఈమధ్య ఆస్పత్రిలో, "చదువు లేనివాళ్లతో ఇదే బాధ, ఎన్నిసార్లు చెప్పినా అర్థం చేసుకోరు" అని వరుసలో నిలబడ్డవాళ్లందరి ముందూ అన్నారట.

మరునాడు తరగతి అయిపోయాక, అందరూ వెళ్లేదాకా ఆగి నాతో చెప్పింది.

"ఆ మాత్ర వేసుకున్న కాసేపటికే మొదలవుతుంది టీచరమ్మా. పొద్దున పూటంతా మాటిమాటికీ వెళ్లాలి. మా వరుసలో ఒకరు లేస్తే వెనకవాళ్ల పని ఆగుతుంది. సూపర్‌వైజరును అడిగి వెళ్లాలి. ఒకసారి అడగవచ్చు, రెండోసారి అడగవచ్చు. మూడోసారి అందరూ తలెత్తి చూస్తారు. గంటకు ఇన్ని ముక్కలని లెక్క ఉంది, అది తగ్గితే జీతంలో కోత పడుతుంది."

అందుకని పని ఉన్న రోజు ఆ మాత్ర మానేసి, సెలవు రోజు మాత్రమే వేసుకుంటోంది. పని రోజుల్లో నీళ్లు కూడా తక్కువ తాగుతోంది. సాయంత్రం వేసుకుని చూసిందట. అప్పుడు రాత్రంతా లేవాల్సి వస్తోంది. అసలే ఆవిడకు దొరికే నిద్ర తక్కువ.

ఇందులో అవగాహన లోపం ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో, ఎంతసేపటికి చేస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఆవిడకు తెలిసినంత కచ్చితంగా నాకు తెలియదు. మానేస్తే మెదడుకు, గుండెకు, మూత్రపిండాలకు ప్రమాదమని కూడా తెలుసు. అన్నీ తెలిసే, ఉన్న దారుల్లో తనకు వీలైనది ఎంచుకుంది. ఆ దారి ప్రమాదమే, నేను కాదనను. కానీ దానికి "చదువు లేకపోవడం" అని పేరు పెట్టడం అన్యాయం.

ఇంకొకాయన రెండు చోట్ల కాపలా పని చేస్తారు. "ఒత్తిడికి దూరంగా ఉండండి, కంటినిండా నిద్రపోండి" అని కరపత్రంలో కూడబలుక్కుని చదివి, "దూరంగా అంటే ఎక్కడికి పోవాలండీ?" అని అడిగారు. ఆయన నిజంగానే జవాబు కోసం చూస్తూ అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈ విషయంలో పనిచేసినవాళ్లను అడుగుతున్నాను. చదవడం, అర్థం చేసుకోవడం వచ్చేశాక ఇక తరగతిలో ఏం నేర్పాలి? డాక్టరు ముందు ఎలా మాట్లాడాలో నేర్పాలా? పనిచోట మరుగుదొడ్డికి వెళ్లే వీలు అడగడం కూడా ఆరోగ్య పాఠమే అవుతుందా, లేక నా పని కానిదాంట్లో వేలు పెట్టినట్టవుతుందా?

జవాబు – వార్డు నర్సు

టీచరు గారూ, అన్నిటికంటే ముందు చేయాల్సినది చెబుతాను. ఆ అక్క ఇప్పుడు చేస్తున్నది ఇలాగే సాగనివ్వకండి. కొన్ని రోజులు వేసుకుని కొన్ని రోజులు మానేస్తే బీపీ అదుపులో ఉండదు. అన్నిటికీ మించి, డాక్టరుకు అసలు సంగతి తెలియక "ఈ మోతాదు చాలడం లేదు" అనుకుని ఇంకా పెంచే ప్రమాదం ఉంది. పెంచిన మోతాదును ఆవిడ ఒక సెలవు రోజున వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. నీళ్లు తగ్గించడం, మూత్రం ఆపుకోవడం కూడా మంచిది కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు, మూత్రపిండాల మీద భారం పడవచ్చు.

బీపీకి మందులు ఒక్క రకం కాదు. రక్తనాళాలను వదులు చేసేవి ఉన్నాయి, ఉప్పును పట్టి ఉంచే హార్మోన్ల పనిని అడ్డుకునేవి ఉన్నాయి. మూత్రం పెంచేది వాటిలో ఒక రకం మాత్రమే. మార్చడానికి వీలుందా, వేళ మార్చితే సరిపోతుందా అన్నది డాక్టరు తేల్చాలి. గుండె బలహీనత వల్లనో, ఒంట్లో నీరు చేరడం వల్లనో రాసి ఉంటే మార్చడం కుదరకపోవచ్చు కూడా. కాబట్టి డాక్టరుకు కారణం తెలియాలి. "మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు" అని ఒప్పుకున్నట్టు చెప్పడం వేరు, "ఈ మాత్ర వేసుకుంటే పనిలో ఇన్నిసార్లు లేవాలి, మా దగ్గర లేవనివ్వరు, నాకు కుదిరే మందు ఏదైనా ఉందా" అని అడగడం వేరు. రెండో వాక్యానికి జవాబు చెప్పక తప్పదు. మీ తరగతిలో దాన్ని నోటితో పలికించి అలవాటు చేయండి. వార్డులో ఎంతోమందిని చూశాను. ఇంటి దగ్గర అనుకున్న మాట డాక్టరు ముందు కూర్చోగానే గొంతులో ఆగిపోతుంది.

ఇక మా వైపు లోపం. "అర్థమైందా?" అని అడుగుతాం, అవతలివాళ్లు తల ఊపుతారు, పని అయిపోయిందనుకుంటాం. అమెరికాలో ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మందు సీసాల మీది సూచనలను దాదాపు 400 మంది రోగులతో చదివించి చూశారు. చదువు తక్కువ ఉన్నవాళ్లలో కూడా దాదాపు 70 శాతం మంది "2 మాత్రలు రోజుకు 2 సార్లు" అనే వాక్యాన్ని సరిగ్గానే చెప్పారు. "సరే, రోజుకు ఎన్ని మాత్రలో తీసి చూపించండి" అంటే సరిగ్గా చూపినవాళ్లు సుమారు 35 శాతమే. చదివి చెప్పడానికీ చేసి చూపడానికీ మధ్య అంత దూరం ఉంది.

అప్పటినుంచి నేను చెప్పడం ఆపి చూపించమంటాను. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, రేపు పొద్దున లేచాక ఏం చేస్తారో నాకు చెప్పండి" అంటాను. అప్పుడు పరీక్ష నాది అవుతుంది, వాళ్లది కాదు. "కళ్లజోడు మర్చిపోయాను, ఇంటికి వెళ్లి చదువుకుంటాను" అనేవాళ్లను కూడా గమనిస్తాను. చాలాసార్లు అది చదవడం రాదని చెప్పుకోలేక అనే మాట.

ఆస్పత్రిలో ఆవిడను అందరి ముందు ఆ మాట అన్నవాళ్ల తరఫున నేను మాట్లాడలేను. కానీ అలా అనిపించుకున్న మనిషి తరువాతిసారి ఏదీ దాపరికం లేకుండా చెప్పదు. వైద్యానికి దానికంటే పెద్ద నష్టం లేదు.

జవాబు – షుగర్‌తో జీవిస్తున్నవాడు

అందరితో ఏకీభవిస్తూనే ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. అవగాహనను తక్కువ చేయకండి. 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని, వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. టీచరు గారి అక్కకు తెలుసు. తెలియని ఆ కోట్ల మందికి మొదట కావాల్సింది ఎవరో ఒకరు పట్టీ కట్టి చూసి చెప్పడమే.

నా సంగతే చూడండి. పరీక్షకు రెండు రోజుల ముందునుంచి నోరు కట్టుకుని, కాగితం మీద మంచి అంకె తెచ్చుకుని సంతోషపడేవాళ్లు నాకు ఎందరో తెలుసు. మూడు నెలల సగటును చూపే పరీక్ష ఒకటి ఉందని, రక్తంలోని ఎర్ర కణాలకు అంటుకున్న చక్కెరను అది లెక్కిస్తుందని ఒక ఆరోగ్య కార్యకర్త బొమ్మ గీసి చెప్పిన రోజునుంచి నా జబ్బు నా చేతికి వచ్చింది. చేతులు వణికి చెమట పడితే అది చక్కెర పడిపోవడమని, 70 కంటే దిగితే వెంటనే తీపి నోట్లో వేసుకోవాలని తెలుసుకున్నాను. అది తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చేది.

అంకెలను ప్రశ్నించడం కూడా నేర్పండి. 1995లో బ్రిటన్‌లో, కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు. కానీ 7,000 మందిలో ఒకరికి ఉండే ముప్పు ఇద్దరికి అయిందని విడమరచి చెప్పలేదు. ఎంతోమంది భయపడి మాత్రలు ఒక్కసారిగా మానేశారు, మరుసటి సంవత్సరం అక్కరలేని గర్భాలు, గర్భస్రావాలు పెరిగాయి. "రెట్టింపు" అని ఎవరైనా అంటే "ఎంతలో రెట్టింపు?" అని అడగడం మీ తరగతిలో ప్రతి ఒక్కరూ నేర్చుకోగలరు. దానికి పెద్ద చదువు అవసరం లేదు.

కాబట్టి బాధ్యతంతా సమాజం మీద పెట్టేసి పాఠాలు ఆపకండి. నన్ను నిలబెట్టింది పాఠమే.

జవాబు – ప్రజారోగ్య విద్యార్థిని

పై సోదరుడు చెప్పినది కాదనను. దానికి ఒకటి చేర్చాలి. ఆయనకు జబ్బు చేతికి రావడానికి బొమ్మ గీసి చెప్పిన మనిషి ఒకరు ఉన్నారు, ఆ చెప్పినది చేయగలిగే రోజు కూడా ఉంది. ఆ రెండో భాగం అందరికీ ఉండదు.

దీన్ని తేల్చి చూపిన పరిశోధనల్లో నాకు మరచిపోలేనిది బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. సుమారు 18,000 మంది పురుషులను ఏళ్లతరబడి గమనించారు. అందరికీ స్థిరమైన ఉద్యోగం ఉంది, ఒకే ఉచిత వైద్య వ్యవస్థ ఉంది, కటిక పేదవాళ్లు ఎవరూ లేరు. అయినా అట్టడుగు మెట్టులో ఉన్నవాళ్ల మరణాల రేటు పై మెట్టువాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఉంది. కింది మెట్టువాళ్లు పొగ ఎక్కువ తాగుతారు కదా అంటారేమో. పొగ, బీపీ, కొవ్వు లాంటివన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో ఎక్కువ భాగం మిగిలే ఉంది. పైగా అది పేదకూ ధనికుడికీ మధ్య ఒక్క గీత కాదు. పైనుంచి కిందికి ప్రతి మెట్టుకూ ఆరోగ్యం కొంత తగ్గుతూ వచ్చింది.

1985లో స్త్రీలను కూడా చేర్చి రెండో అధ్యయనం మొదలుపెట్టారు. తన పనిని తాను నడుపుకునే వీలు ఎంత తక్కువైతే గుండెజబ్బు అంత ఎక్కువని అందులో తేలింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో కూడా ఇంకొకరు నిర్ణయించే పని అంటే టీచరు గారి అక్క పనే. ఈ పరిశోధనల్లో బయటపడిన ఇంకొక సంగతి నన్ను చాలాకాలం వెంటాడింది. పనిచోట ఉన్నప్పుడు పెద్ద ఉద్యోగులకూ చిన్న ఉద్యోగులకూ బీపీ దాదాపు ఒకేలా ఉంది. ఇంటికి వెళ్లాక పెద్ద ఉద్యోగులకు బాగా దిగింది, చిన్న ఉద్యోగులకు అంతగా దిగలేదు.

ఈ రెండో అధ్యయనాన్ని నడిపిన మైకేల్ మార్మట్ అధ్యక్షుడిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఒక కమిషన్‌ను వేసింది, 2008లో నివేదిక వచ్చింది. మనుషులు పుట్టే, పెరిగే, బతికే, పనిచేసే, ముసలివాళ్లయ్యే పరిస్థితులే ఆరోగ్యాన్ని చాలామటుకు నిర్ణయిస్తాయన్నది దాని సారాంశం. ఇది కొత్తగా కనుక్కున్నదేమీ కాదు. 1848లో, ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న సైలీషియాలో టైఫస్ జ్వరాలు వ్యాపిస్తే చూసిరమ్మని రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుడిని, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ప్రష్యా ప్రభుత్వం పంపింది. ఆయన మందులు రాసిచ్చి ఊరుకోలేదు. అక్కడి ప్రజలకు వాళ్ల సొంత భాష పోలిష్‌లో చదువు, న్యాయమైన పన్నులు, రోడ్లు, స్వపరిపాలన కావాలని నివేదిక రాశారు.

టీచరు గారి చివరి ప్రశ్నకు నా జవాబు: అవును, అది ఆరోగ్య పాఠమే. డాన్ నట్‌బీమ్ అనే పరిశోధకుడు 2000లో ఆరోగ్య అవగాహనను మూడు అంచెలుగా వివరించారు. చీటీ చదివి అర్థం చేసుకోవడం మొదటిది. తెలిసినదాన్ని నలుగురితో మాట్లాడి తన జీవితంలో వాడుకోగలగడం రెండోది. తన ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్న పరిస్థితులను గుర్తించి, వాటిని మార్చడానికి ఇతరులతో కలిసి పూనుకోవడం మూడోది. మీ అక్క మొదటి అంచె ఎప్పుడో దాటేసింది. మిగతా రెండింటికీ ఆవిడ ఒక్కతే సరిపోదు. అక్కడ మీ తరగతి కావాలి.

రాత్రిబడి టీచరు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నర్సు గారు చెప్పిన వాక్యాన్ని బోర్డు మీద రాశాను. అక్క దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుని, ఒకరిని డాక్టరుగా కూర్చోబెట్టి అందరి ముందూ చెప్పి చూసింది. మొదట గొంతు వణికింది, తరువాత కుదిరింది. డాక్టరుగా కూర్చున్నది ఆ కాపలా పని చేసే ఆయనే. "కారణం ముందే చెబితే నేను ఎందుకు తిడతాను" అన్నారు.

పనిచోటు సంగతి కూడా మాట్లాడుకున్నాం. అదే కర్మాగారంలో పనిచేసేవాళ్లు తరగతిలో ఇంకా ఉన్నారు. నీళ్లు తాగడం తగ్గించుకున్నది అక్క ఒక్కతే కాదని అప్పుడు తెలిసింది. ఒకరు లేచినప్పుడు ఆ మిషను మీద కూర్చునే మనిషిని ఒకరిని వరుసకు పెట్టమని అందరూ కలిసి రాసి ఇవ్వాలనుకుంటున్నారు. ఉత్తరం నన్ను రాయమనలేదు. తామే రాస్తామన్నారు, తప్పులు మాత్రం దిద్దమన్నారు. షుగర్ ఉన్న సోదరుడు కోరినట్టు "ఎంతలో రెట్టింపు?" కూడా పాఠంలోకి వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. ప్రతివాళ్లూ తమ మందుల వివరాలు ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటున్నాం. అందులో ఏమేమి ఉండాలి?

జవాబు – ఫార్మసిస్టు

ఈ కాగితం వల్ల చాలా ఉపయోగం ఉంటుంది, తప్పకుండా చేయించండి. నా అనుభవంలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో దాన్ని బట్టి చెబుతాను.

కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే రాయకండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కూడా రాయించండి. ఒకే మందు రెండు పేర్లతో రెండు చీటీల్లో వచ్చి, రెండూ వేసుకునేవాళ్లు ఉన్నారు. ప్రతి మందుకూ ఎదురుగా "దేనికి" అని ఒక గది ఉండాలి. "బీపీకి", "కాళ్ల నీరుకు" అని వాళ్ల మాటల్లోనే రాయనివ్వండి. దేనికో తెలియని మాత్రను మనుషులు అన్నిటికంటే ముందు మానేస్తారు.

"రోజుకు 2 సార్లు" అని రాయవద్దు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు గళ్లు గీసి, ఏ గడిలో ఎన్ని మాత్రలో సున్నాలుగా గీయించండి. నర్సు గారు చెప్పిన తికమక అందులో చాలావరకు పోతుంది. పిల్లల ద్రవ మందులైతే చెంచా అని ఎక్కడా రాయకండి. ఇంటి చెంచాలన్నీ ఒక కొలత కాదు. మిల్లీలీటర్లు రాసి, సీసాతో వచ్చే మూతతోనో సూదిలేని సిరంజితోనో కొలవమనండి.

మాత్ర రంగు, ఆకారం రాస్తే మంచిదే గాని దాన్నే గుర్తుగా పెట్టుకోనివ్వకండి. కంపెనీ మారితే అవి మారిపోతాయి. గుండెపోటు తరువాత మందులు వాడేవాళ్ల మీద చేసిన పరిశోధనలో, మాత్ర రంగో ఆకారమో మారినప్పుడు మానేసేవాళ్లు పెరిగారని తేలింది. అట్ట కొత్తగా కనిపిస్తే వేసుకోకుండా ఉండిపోకుండా, మందులిచ్చినవాళ్లను అడగడం అలవాటు చేయండి. అలా అడిగితే మేము విసుక్కోం. విసుక్కుంటే ఆ తప్పు మాది.

పడని మందులు, నొప్పికి సొంతంగా కొనుక్కునే మాత్రలు, ఆకుమందులు కూడా రాయాలి. కొన్ని నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రం పెంచే మందు పనిని తగ్గిస్తాయి. వంగి కుట్టుపని చేసేవాళ్లు నడుంనొప్పికి అవి వాడుతూ ఉండవచ్చు. అక్కను అడిగి చూడండి, వాడుతుంటే డాక్టరుకు చెప్పమనండి.

కాగితం వెనకవైపు "ఇవి వేసుకోవడం కుదరడం లేదు, ఎందుకంటే" అని రాసి కింద ఖాళీ వదలండి. ఆ ఖాళీ వెడల్పుగా ఉండాలి, చేతిరాత ఇంకా కుదురుకోనివాళ్లు పెద్ద అక్షరాలు రాస్తారు. మందులు మారిన ప్రతిసారీ పైన తేదీ వేసి కొత్త కాగితం రాయించండి, పాతది వెంటనే చించేయమనండి. రెండూ సంచిలో ఉంటే ఎప్పుడో ఒకసారి చేతికి పాతదే వస్తుంది.